వైన్ స్పా రివ్యూ: ఎర్ర నీళ్ల టబ్‌కి డబ్బులు దండగ, స్క్రబ్ మాత్రం అడిగి చేయించుకోండి

హాయ్ అండి, అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నాను, ఇవాళ్టి వీడియోకి నా జేబులోంచి పైసా పోలేదు. హైదరాబాద్‌లో ఒక హోటల్ స్పా వాళ్లు కొత్తగా వైన్ థెరపీ ప్యాకేజీ మొదలుపెట్టారట, వచ్చి చేయించుకోండి, నచ్చితే వీడియో పెట్టండి అన్నారు. నచ్చకపోయినా పెడతానండీ అన్నాను. కాసేపు నాన్చి, సరే రండి అన్నారు. పేరు మాత్రం చెప్పను, ఎందుకంటే ఇందులో పొగడ్తలతో పాటు సణుగుడు కూడా బాగానే ఉంటుంది, పైగా అటూ ఇటూగా ఇదే మెనూ ఊళ్లో చాలా చోట్ల నడుస్తోంది. కాబట్టి మనం ఆ స్పా గురించి కాదు, ఈ ప్యాకేజీ గురించి మాట్లాడుకుందాం.

ప్యాకేజీలో ఏమేం ఉంటాయో మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. స్క్రబ్, బ్యారెల్ బాత్ అంటే పీపా లాంటి టబ్‌లో స్నానం, ఒంటికి ప్యాక్, మసాజ్, ఫేషియల్, ఆఖర్న చేతికో గ్లాసు. మొత్తం మూడు గంటలు. డబ్బులు కట్టి వెళ్తే ట్యాక్స్‌తో కలిపి తొమ్మిది వేల పైచిలుకు. ఆ లిస్టంతా మళ్లీ చదివి మీ టైమ్ తినను.

ముందు ఆ టబ్ సంగతి తేల్చేద్దాం, నాకు కడుపు మండింది అక్కడే. థంబ్‌నెయిల్‌లో కనిపిస్తోంది కదా, చెక్క పీపాలా ఉందే, అది చెక్క కాదు. ఫైబర్ టబ్‌కి పైన చెక్క డిజైన్ అంటించారు, గోరుతో గీరితే తెలిసిపోతోంది. సరే, అది పోనీయండి. ఆ ఎర్ర నీళ్లున్నాయి చూడండి, అది ఒక పౌడర్ ప్యాకెట్. నేను గదిలోకి వెళ్లేసరికే కలిపేసి ఉంచారు. ఆ తర్వాత ఒక అబ్బాయి నిజం వైన్ సీసా పట్టుకొచ్చి, "మేడమ్, ఫోన్ ఆన్ చేయండి, పోస్తాను, రీల్ బాగా వస్తుంది" అన్నాడు. పోసింది ఎంతో తెలుసా? అర గ్లాసు. రీల్ అయిపోగానే మూత బిగించి సీసా పట్టుకుపోయాడు.

ఇక్కడ కొంచెం లెక్క చెప్తాను, విసుక్కోకండి. వైన్ స్పా అనగానే అందరూ పలికే మాట రెస్వెరాట్రాల్, చర్మానికి మంచిదని వీళ్లు చెప్పే పదార్థం. అది ద్రాక్ష తొక్కలో ఉంటుంది. రెడ్ వైన్‌లోకి కూడా వస్తుంది, కానీ ఎంత వస్తుంది? మామూలుగా లీటరుకు కొన్ని మిల్లీగ్రాములు, అంతే. సీసా అంటే ముప్పావు లీటరు. సీసా మొత్తం గుమ్మరించినా ఆ రెండొందల లీటర్ల నీళ్లలో అది ఏ మూలకు? ఇక అర గ్లాసు సంగతి మీరే ఆలోచించుకోండి. అసలు ఈ పదార్థాన్ని మొదట వేరు చేసింది ద్రాక్షలోంచే కాదు, 1939లో తకావోకా అనే జపాన్ శాస్త్రవేత్త వేరే ఒక మొక్క వేళ్లలోంచి తీశాడు. ద్రాక్షకి దీంతో ఇంత పేరు వచ్చింది చాలా ఏళ్ల తర్వాత, ఫ్రెంచి వాళ్లు అంత వెన్న, చీజ్ తింటున్నా వాళ్లకి గుండె జబ్బులు తక్కువ ఎందుకున్నాయి, రెడ్ వైన్ వల్లేనా అని 1990ల మొదట్లో పెద్ద చర్చ లేచింది కదా, అప్పుడు.

ఈ వైన్ స్పాల కథ పుట్టింది కూడా ఆ రోజుల్లోనే, ఫ్రాన్స్‌లోనే. బోర్డో నగరం పక్కన మార్తియాక్ అని ఒక ఊరు, అక్కడ స్మిత్ ఓ లఫీత్ అని పాత ద్రాక్ష తోట. 1990లో కతియార్ దంపతులు దాన్ని కొన్నారు, ఇద్దరూ ఒకప్పుడు ఫ్రాన్స్ జాతీయ జట్టులో స్కీయింగ్ చేసినవాళ్లే. 1993లో కోతల టైమ్‌లో బోర్డో యూనివర్సిటీ ఫార్మసీ ప్రొఫెసర్ వెర్కొత్రెన్ ఆ తోటకి వచ్చి, రసం పిండేశాక మిగిలిన గింజల గుట్టని చూసి, మీరు పారేస్తున్నదే అసలు నిధి అన్నారని కంపెనీ వాళ్లు చెప్పుకుంటారు. ఆ ఇంటి అమ్మాయి మతీల్డ్, ఆమె భర్త బెర్ట్రాండ్ తోమా కలిసి 1995లో కోదాలీ అనే కంపెనీ పెట్టారు, 1999లో ఆ తోటలోనే స్పా తెరిచారు. నేల కింద 540 మీటర్ల లోతు నుంచి వచ్చే వేడి నీళ్లు వాళ్లవి. ఈ వైన్ థెరపీకి వినోథెరపీ అనే పేరు వాళ్ల దగ్గరి నుంచే వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, ఆ ప్రొఫెసర్ చెయ్యి చూపించింది వైన్ వైపు కాదు, వైన్ చేశాక మిగిలిన పిప్పి వైపు, గింజల వైపు. నిజంగా వైన్ పోసిన కొలనులో దిగాలని అంత సరదాగా ఉంటే జపాన్‌లో హకోనే దగ్గర యునెస్సున్ అని ఒక వేడి నీళ్ల కొలనుల పార్కు ఉంది, అక్కడ అందరూ చూస్తుండగా కొలనులో వైన్ పోస్తారు. అక్కడ అదంతా ఒక సరదాలా నడుస్తుంది.

టబ్‌లోంచి బయటికొచ్చి తెల్ల తువ్వాలుతో తుడుచుకున్నాను. తువ్వాలు గులాబీ రంగు. గోళ్ల చుట్టూ రంగు. ఇంటికొచ్చి కొబ్బరి నూనె పెట్టి రుద్దితే గానీ పోలేదు.

ఇప్పుడు స్క్రబ్. దీని గురించి ఎంతసేపైనా మాట్లాడతాను, ఓపిక లేనివాళ్లు ముందుకు జరుపుకోండి.

స్టీలు గిన్నెలో తెచ్చింది స్పాలో పనిచేసే అమ్మాయి. గోధుమ రంగు పంచదార, తేనె, ద్రాక్ష గింజల పొడి, కాస్త ద్రాక్ష గింజల నూనె. క్లోజప్ పెడుతున్నాను చూడండి, పొడి రెండు రకాలుగా ఉంది, కొంత కాఫీ పొడిలా మెత్తగా, కొంత రవ్వలా. గింజలు ఎక్కడివి అని అడిగితే నాసిక్ వైపు వైనరీల నుంచి వస్తాయన్నారు. అవును మరి, మనం బండి మీద కొనుక్కునే ద్రాక్షలో గింజలెక్కడివి, అంతా సీడ్‌లెస్సే. ఒకప్పుడు హైదరాబాద్ అంటే అనాబ్-ఇ-షాహీ, లావుపాటి పండు, లోపల గింజలు. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది కదా, అక్కడ రకరకాల ద్రాక్ష చూడటానికి వెళ్లినప్పుడు గింజని కొరికి చూశాను. నోరంతా వగరు, నాలుక బిరుసెక్కిపోయింది. ఆ వగరే టానిన్ అంటే, వీళ్లు బ్రోషర్లలో రాసే పాలీఫినాల్స్ అనే మొక్కల పదార్థాల కుటుంబమే అది. అంటే గింజలో సరుకు ఉన్న మాట నిజం. కాకపోతే పది నిమిషాలు రుద్ది కడిగేసే స్క్రబ్‌లోంచి అది చర్మంలోకి ఎంత దిగుతుంది అంటే, నాకు పెద్ద నమ్మకం లేదు. నాకు నచ్చింది ఆ రుద్దుడే.

మొదట పంచదార గరుగ్గా తగులుతుంది. ఒంటి వేడికి, తడి చేతికి అది కాసేపట్లో కరిగిపోతుంది. అప్పుడు మిగిలేది తేనెలో తేలుతున్న ఆ గింజల పొడి ఒక్కటే, అది జారుతూ ఉంటుంది, మోచేతుల మీద, మడమల మీద వెళ్తుంటే హాయిగా కళ్లు మూతలు పడిపోయాయి. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే తేనెతో. చేతుల మీద సన్నటి వెంట్రుకలు ఉంటాయి కదా, తేనె అంటుకుని ఒక్కొక్కటీ లాగుతోంది. కుడి చెయ్యి అయ్యేసరికి చిన్న చిన్న ఎర్రటి చారలు.

అప్పుడు నాకు వెలిగింది. మన ఇళ్లలో నలుగు ఎలా పెడతారు? ముందు నువ్వుల నూనె ఒళ్లంతా పట్టించి, కాసేపు నాననిచ్చి, ఆ తర్వాత సున్నిపిండి. మా అమ్మమ్మ సున్నిపిండిలో పెసలు, శనగలు, కచోరాలు, బావంచాలు వేసి పట్టించేది, ఎంత గట్టిగా రుద్దినా చర్మం మండేది కాదు, ఎందుకంటే కింద నూనె పొర ఉంది. ఈ స్పాలో వరస తిరగేసి ఉంది, ముందు నూనె రాయని ఒంటి మీద స్క్రబ్, గంట తర్వాతెప్పుడో నూనె. నేను ఆ అమ్మాయిని అడిగాను, ఎడమ చేతికి మాత్రం ముందు మసాజ్‌కి వాడే ద్రాక్ష గింజల నూనె రాసి తర్వాత స్క్రబ్ చేస్తావా అని. నవ్వి, అలాగే మేడమ్ అంది. ఆ నూనె చాలా పలచగా ఉంటుంది, నువ్వుల నూనెంత జిడ్డు ఉండదు, రాసిన రెండు నిమిషాలకి తేనె లాగడం మానేసింది. గింజ పొడి మాత్రం తన పని తాను చేసింది. కడిగాక రెండు చేతులూ పక్కపక్కన పెట్టాను, చూడండి, లైటింగ్ ఏమీ మార్చలేదు. కుడి చెయ్యి నున్నగా ఉంది, ఎర్రగానూ ఉంది. ఎడమ చెయ్యి నున్నగా మాత్రమే ఉంది. మర్నాటికి కూడా ఎడమ చేతికి లోషన్ అవసరం పడలేదు. ఈ ఒక్క దాని కోసం మళ్లీ వెళ్తాను, ఈసారి సొంత డబ్బులు పెట్టుకుని అయినా సరే.

ముఖానికి మాత్రం ఈ స్క్రబ్ వద్దు. రవ్వ లాంటి ముక్కలకు అంచులు పదునుగా ఉంటాయి, ముఖ చర్మం అంత తట్టుకోదు. రుద్దనివ్వకండి, వాళ్లు అడగకుండానే మొదలుపెడతారు.

ఒంటికి ప్యాక్, ఏముంది, పూసి ప్లాస్టిక్ చుట్టి పడుకోబెట్టారు. చలేసింది. ఏసీ తగ్గించమంటే తగ్గించారు.

ఫేషియల్ దగ్గర నాకు పాత పగ ఉంది. కాలేజీ రోజుల నుంచి పార్లర్లలో వైన్ ఫేషియల్ కిట్లు చూస్తున్నాను, ఫ్రూట్ ఫేషియల్, గోల్డ్ ఫేషియల్ మోజు తగ్గాక ఇది వచ్చింది. ముదురు గులాబీ జెల్, దగ్గు మందు వాసన, అయిపోగానే ముఖం మెరుపు, మర్నాడు పొద్దున చూస్తే మామూలే. ఇక్కడా డబ్బా వేరు, జెల్ అదే రకం. లేబుల్ చూపించమన్నాను. ఇది మీరు కూడా నేర్చుకోండి, పనికొస్తుంది: ఇంగ్రీడియెంట్స్ ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది వెనక వచ్చేలా రాస్తారు, ఒక శాతం లోపు ఉన్నవి మాత్రం ఆఖర్న ఎలాగైనా రాసుకోవచ్చు. సెంటు మామూలుగా ఒక శాతం లోపే ఉంటుంది. ఇప్పుడు ఈ లేబుల్‌లో నీళ్లు, గ్లిజరిన్, జెల్ చిక్కబడటానికి వేసేది, ఆ తర్వాత సెంటు, సెంటు తర్వాత వైన్ ఎక్స్‌ట్రాక్ట్. అర్థమైంది కదా. ఆ మెరుపు గ్లిజరిన్‌ది, మసాజ్‌ది. ఇంట్లో వైన్ సీసా ఉందని దూదితో ముఖానికి రాసుకునేవాళ్లకి కూడా ఒక మాట, అందులో 12 నుంచి 14 శాతం ఆల్కహాల్ ఉంటుంది, చర్మం ఎండిపోతుంది, చేయకండి.

మసాజ్ చాలా బాగుండేది, మాట్లాడకుండా ఉంటే. ఆ అమ్మాయి చేతుల్లో నిజంగా పనితనం ఉంది, భుజం దగ్గర ముడిని వెతికి పట్టుకుని బొటనవేలితో నెమ్మదిగా వదిలించింది, ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాళ్లకి ఆ సుఖం తెలుస్తుంది. నిద్ర పట్టబోతోంది. సరిగ్గా అప్పుడు, "మేడమ్, మీ స్కిన్ చాలా డ్రైగా ఉంది, కొలాజెన్ మాస్క్ యాడ్ చేయనా?" వద్దన్నాను. ఇంకో అయిదు నిమిషాలకి, "అండర్ ఐ చేయనా?" వద్దమ్మా. బోర్లా తిరిగాక, "మెంబర్‌షిప్ తీసుకుంటే ఇరవై శాతం తగ్గుతుంది మేడమ్." నేను ఫ్రీగా వచ్చానని తెలిసి కూడా అడుగుతోందంటే, డబ్బులు కట్టి వచ్చినవాళ్లని ఎంత అడుగుతారో. ఆ పిల్లని ఏమీ అనట్లేదు, తర్వాత మాటల్లో తనే చెప్పింది, ఒక్కో కస్టమర్‌కి ఇన్ని చెప్పాలని టార్గెట్ ఉంటుందట. బట్టల్లేకుండా బోర్లా పడుకున్న మనిషికి స్కీములు చెప్పమనే మేనేజ్‌మెంట్‌ని అంటున్నాను. తొమ్మిది వేలు తీసుకుని ప్రశాంతత కూడా ఇవ్వకపోతే ఇంకెందుకండీ?

ఇక గ్లాసు. పొడుగు కాడ ఉన్న గ్లాసులో ఎర్రగా, పక్కన రెండు చీజ్ ముక్కలు. తాగితే ద్రాక్ష జ్యూస్. స్పాలో వైన్ ఇవ్వడానికి లైసెన్స్ లేదట. మంచిదే నిజానికి, వేడి నీళ్ల టబ్‌లోంచి లేచిన వెంటనే తాగితే బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. మీలో చాలామంది ఇన్‌స్టాలో అడిగారు, మేము మందు ముట్టం, ఇది చేయించుకోవచ్చా, మత్తెక్కుతుందా అని. ఎక్కదు. ఆ అర గ్లాసు కూడా వద్దంటే పోయరు.

గర్భంతో ఉన్నవాళ్లు, బీపీ, గుండె సమస్య ఉన్నవాళ్లు వేడి టబ్ జోలికి డాక్టర్‌ని అడగకుండా వెళ్లకండి. వ్యాక్సింగ్, షేవింగ్ చేసుకున్న మర్నాడే స్క్రబ్ వద్దు, మంట పుడుతుంది. ముడతలకి రాసుకునే రెటినాల్ క్రీములు వాడేవాళ్లు ఫేషియల్‌కి ముందు చెప్పండి.

మార్కులు వేయమంటే ప్యాకేజీకి పదికి నాలుగు, అందులో మూడు స్క్రబ్‌వే, ఒకటి ఆ అమ్మాయి చేతులకి. మొత్తం తీసుకోకండి. స్క్రబ్, గంట మసాజ్ విడిగా ఇస్తారా అని అడగండి, ఇక్కడైతే మెనూలో లేకపోయినా ఇస్తామన్నారు, సగం కంటే తక్కువలో అయిపోతుంది. వచ్చేముందు మేనేజర్‌కి నా రెండు చేతులూ చూపించి, నూనె ముందు పెట్టండి అని చెప్పాను. ఎస్‌ఓపీ, అంటే మాకు రాసిచ్చిన వరస, మార్చలేం మేడమ్, కస్టమర్ అడిగితే చేస్తాం అన్నారు. కాబట్టి అడగండి, పడుకోకముందే అడగండి, తేనె పూసేశాక నూనె రాయమంటే ఆ లాగుడు ఎలాగూ తప్పదు.