ధార తెగని డబ్బా

శ్రోతలకు నమస్కారం.

ఉభాలు, అంటే వరినాట్లు, మొదలయ్యే రోజుల్లో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ గెడ్డ గట్టున నిలబడినా నీరు తోడే ఇంజిను చప్పుడు వినిపిస్తుంది. వాన మొహం చాటేసిన ఏడాది ఆ చప్పుడు రాత్రింబవళ్లు ఆగదు. ఇంజిను పక్కన, గడ్డిలో, తప్పనిసరిగా ఒక డబ్బా ఉంటుంది. అది ఒకప్పుడు వంటనూనె వచ్చిన డబ్బా కావచ్చు, పురుగుమందు ఖాళీ అయిన క్యాను కావచ్చు, మరీ తొందరపడిన రోజున రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా కూడా కావచ్చు. ఇంజిను ఏ కంపెనీది, ఎన్ని హార్స్‌పవరు, లీటరుకు ఎంతసేపు నడుస్తుంది అని గంటల తరబడి మాట్లాడుకునే మనం ఆ డబ్బా గురించి ఒక్క మాట కూడా అనుకోము. ఈనాటి నా ప్రసంగం పూర్తిగా ఆ డబ్బా గురించే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత ఉద్దానంలో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. మా వీధిలో మంచినీళ్ల బోరు నడపడానికి నలుగురం కలిసి ఒక పెట్రోలు జనరేటరును అద్దెకు తెచ్చుకున్నాము. మూడో రాత్రి ట్యాంకులో పెట్రోలు అయిపోవచ్చింది. జనం బిందెలతో వరుసలో ఉన్నారు కదా అని, ఇంజిను చల్లారే వరకు ఆగకుండా, సెల్‌ఫోను వెలుతురులో నేనే పెట్రోలు పోయడానికి పూనుకున్నాను. నా చేతిలో ఉన్నది వెడల్పు మూతి ఉన్న ఐదు లీటర్ల ప్లాస్టిక్ క్యాను. వంచగానే మొదట ఏమీ రాలేదు, ఆపైన ఒక్కసారిగా బుడుక్కుమని ఒక ముద్దలా దూకింది. ట్యాంకులో పడింది సగమైతే తక్కిన సగం నా మణికట్టు మీదుగా సైలెన్సరు వైపు జారింది. వేడి ఇనుము మీద అది చుంయ్‌మని ఆవిరైపోయిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అంటుకోలేదు. ఎందుకు అంటుకోలేదో ఆ తరువాత ఎన్నోసార్లు ఆలోచించాను, అదృష్టం తప్ప మరొక కారణం కనబడలేదు. ఆ రాత్రి నుంచి ఎక్కడ క్యాను కనిపించినా దాని మూతి ఎలా ఉందో చూడడం నాకు అలవాటైంది.

క్యాను ధార సాఫీగా రావడానికి మూలసూత్రం కొబ్బరితోట ఉన్న ప్రతి ఇంటికీ తెలుసు. కొబ్బరికాయకు మూడు కళ్లు ఉన్నా మెత్తనిది ఒక్కటే. ఆ ఒక్కదానినే పొడిచి కాయను బోర్లిస్తే నీరు చుక్కచుక్కగా, ఆగి ఆగి వస్తుంది. మరొక కన్ను కూడా పొడిచి చూడండి, ధార కడుతుంది. కాయలో నుంచి నీరు బయటకు రావాలంటే ఆ చోటులోకి గాలి లోపలికి పోవాలి. ఉన్నది ఒకే ద్వారమైతే రెండూ అక్కడే పోట్లాడుకుంటాయి: కాసేపు నీరు వస్తుంది, కాసేపు గాలి బుడగ దూరుతుంది. ఆ బుడబుడ చప్పుడు డబ్బా ఊపిరికి కొట్టుకుంటున్న చప్పుడు. వెనకటికి కిరసనాయిలు, నూనె అమ్మే దుకాణదారు కొత్త డబ్బాకు మేకుతో ఒక మూల రంధ్రం కొట్టి, దానికి ఎదురు మూల మరొకటి ఎందుకు కొట్టేవాడో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. ఆ రెండో రంధ్రం గాలి కోసం.

కాబట్టి క్యాను కొనేటప్పుడు ధర కన్నా, రంగు కన్నా, ఎన్ని లీటర్లు పడుతుందన్న దానికన్నా ముందు చూడవలసింది గాలి ఏ దారిన లోపలికి పోతుందన్నది. మంచి క్యానుకు పోసే మూతి ఒక పక్కన, పిడి వెనక భాగంలో చిన్న మరమూత మరొకటి ఉంటాయి. పోసేటప్పుడు ఆ చిన్న మూతను వదులు చేస్తే చాలు. మరికొన్నింటిలో పోసే గొట్టంలోనే సన్నని మరో గొట్టం గాలి కోసం అమర్చి ఉంటుంది. ఈ రెండూ లేని క్యానును నేనైతే ఊరికే ఇచ్చినా పెట్రోలుకు వాడను.

అయితే ఇంట్లో ఇప్పటికే ఉన్న క్యాను సంగతి ఏమిటని మీరు అడగవచ్చు. మూతి ఒక అంచుకు ఉండే క్యానును మనలో చాలామంది మూతి కిందివైపుకు వచ్చేలా పట్టుకుని వంచుతారు. అప్పుడు మూతి నిండా ద్రవమే అడ్డుపడి గాలికి చోటుండదు. అదే క్యానును అటు తిప్పి, మూతి పైఅంచున ఉండేలా పడుకోబెట్టినట్టు పట్టుకుని నెమ్మదిగా వంచితే, మూతిలో కింది సగం నుంచి ద్రవం జారుతుంది, పై సగం నుంచి గాలి దూరుతుంది. చూడడానికి తలకిందుల పనిలా అనిపిస్తుంది. ముందుగా నీళ్లతో పెరట్లో ఒకసారి చేసి చూడండి. ఇంజిను ఆయిలు డబ్బాను మెకానిక్కు ఎలా పట్టుకుంటాడో గమనించినా ఇదే కనబడుతుంది.

ఈ ఊపిరి సంగతిని లోకంలో అందరికన్నా శ్రద్ధగా ఆలోచించిన వారు 1930ల చివర జర్మనీ సైన్యానికి 20 లీటర్ల ఇనుప డబ్బాను రూపొందించిన ఇంజనీర్లు. మనం జెర్రీకాన్ అని పిలిచేది అదే. జర్మన్లను బ్రిటిష్ సైనికులు జెర్రీలని పిలవడం వల్ల ఆ పేరు వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో ఉత్తరాఫ్రికా ఎడారిలో బ్రిటిష్ వారు వాడిన పలుచని రేకు డబ్బాలు దారిలోనే అతుకులు ఊడి కారిపోయేవి. చేజిక్కిన జర్మన్ డబ్బాలను వారు దాచుకుని మరీ వాడుకుని, చివరకు అచ్చంగా అదే నమూనాలో తామూ తయారు చేసుకున్నారు, అమెరికన్లు కూడా ఆ నమూనానే అనుసరించారు. దానిలో ఉన్న తెలివి చూడండి. రెండు సగాలను కలిపిన అతుకు లోపలికి ఒదిగి ఉంటుంది కనుక దెబ్బ తగలదు. పైన మూడు పిడులు: నిండు డబ్బాను ఇద్దరు చెరో పక్కా పట్టుకోవచ్చు, ఖాళీవైతే ఒక్కొక్క చేతితో రెండేసి మోయవచ్చు. పిడుల కింద వీపులా ఉబ్బిన భాగంలో ఎప్పుడూ కొంత గాలి నిలిచి ఉంటుంది. మూతి నుంచి ఆ గాలి గదికి ఒక సన్నని గొట్టం పోతుంది. వంచినప్పుడు బయటి గాలి ఆ గొట్టం వెంట నేరుగా వీపులోకి చేరుతుంది, మూతి దగ్గర పోట్లాట ఉండదు, ధార తెగదు. పక్కలకు కనిపించే అడ్డగీతల నొక్కులు అందానికి కావు, లోపలి ద్రవం ఎండకు పెరిగినప్పుడు రేకు కాస్త ఉబ్బడానికి, తిరిగి అణగడానికి. 80 ఏళ్లు దాటినా దానిని మించినది చాలా అరుదు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ అమెరికాది. పెట్రోలు ఆవిరి గాలిలో కలవకూడదని 2009 నుంచి అక్కడ అమ్మే క్యానులకు తనంతట తానే మూసుకునే మూతి ఉండాలని నిబంధన వచ్చింది. ఉద్దేశం మంచిదే. ఆచరణలో చాలా కంపెనీలు విడిగా ఉండే గాలి రంధ్రాన్ని తీసేశాయి, మూతికి స్ప్రింగులు, నొక్కులు పెరిగాయి; ధార నత్తనడక నడుస్తోందని, పైగా మునుపటికన్నా ఎక్కువ ఒలుకుతోందని వాడేవారు ఏళ్ల తరబడి ఫిర్యాదు చేస్తూనే వచ్చారు. ఆన్‌లైన్‌లో కొనేవారికి ఆ తరహా మూతులు తారసపడవచ్చు. ఒక చేత్తో క్యాను మోస్తూ, మరో చేత్తో స్ప్రింగు నొక్కి పట్టుకుని, స్ప్రేయరు ట్యాంకు చిన్న మూతిలోకి గురి చూడడం మీ వల్ల అవుతుందా అని ఆలోచించి కొనండి.

చట్టం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామందికి ఇది తెలియదు. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం, అమ్మకానికి కాకుండా సొంత వాడకానికి 30 లీటర్ల వరకు పెట్రోలును లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. కాని దానిని బిరడా గట్టిగా బిగించిన లోహపు పాత్రలో, అదీ 25 లీటర్లకు మించని దానిలో ఉంచాలి. గాజు, పింగాణీ పాత్రలైతే లీటరుకు మించకూడదు. ఆ జాబితాలో ప్లాస్టిక్ లేదు. డీజిలుకు ఇంత కఠినం లేదు, ఎందుకంటే అది ఆవిరి కావడానికి మరింత వేడి కావాలి. పెట్రోలు అలా కాదు, మన పుష్యమాసపు చలిలో కూడా అంటుకునేటంత ఆవిరి పుట్టిస్తుంది, ఆ ఆవిరి గాలికన్నా బరువు కనుక పైకి పోకుండా నేలబారుగా పాకి గుంటల్లో, గట్టు వారల్లో నిలుస్తుంది. అంత దూరాన వెలిగించిన చుట్టకు ఇక్కడి డబ్బా అంటుకునేది అందుకే. బంకులో నింపించేటప్పుడు డబ్బాను బండి మీద ఉంచకుండా నేల మీద దింపి, గొట్టపు మూతి డబ్బా లోహానికి తగిలేలా పట్టించడం కూడా ఇందుకే. కదలికలో పుట్టే విద్యుత్తు నిప్పురవ్వ కాకుండా నేలలోకి దిగిపోతుంది.

బరువు మరచిపోవద్దు. 20 లీటర్ల పెట్రోలు సుమారు 15 కిలోలు, డీజిలు 16 నుంచి 17 కిలోలు, ఇనుప డబ్బా బరువు దానికి అదనం. మడి గట్టు మీద జారుతూ అంత బరువును నడుము ఎత్తున వంచి పట్టుకున్నవాడి చేయి వణకక మానదు, వణికితే ఒలకక మానదు. స్ప్రేయరుకు, గడ్డి కోసే యంత్రానికి ఐదు లీటర్ల డబ్బా చాలు. పెద్ద డీజిలు ఇంజిను, భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి తీరాల్లో పడవల ఇంజన్లు వాడేవారు అసలు వంచే పనే పెట్టుకోకుండా, డబ్బాను ట్యాంకు కన్నా ఎత్తున ఉంచి గొట్టంతో దించుకోవడం మేలు. చివర ఇత్తడి గుండు ఉండే గొట్టం దొరుకుతుంది, దానిని డబ్బాలో ముంచి నాలుగు సార్లు పైకీ కిందికీ ఆడిస్తే ధార మొదలవుతుంది. నోటితో పీల్చి మొదలుపెట్టే అలవాటు మాత్రం ఈ రోజుతో మానేయండి. ఒక్క గుటక ఊపిరితిత్తుల్లోకి పోయినా మనిషి ఆసుపత్రి పాలవుతాడు. తాగునీటి సీసాల్లో పెట్రోలు పోసి ఉంచడం వల్ల దాహంతో వచ్చిన పిల్లవాడికి జరిగేదీ అదే.

నింపేటప్పుడు మూతి దాకా నింపవద్దు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు పట్టిన 20 లీటర్లు, 15 డిగ్రీల వేడి పెరిగితే పావు లీటరుకు పైగా ఉబ్బుతాయి. ఎండలో ఉన్న డబ్బా మూతను ఒక్కసారిగా తీయకుండా, సగం తిప్పి బుస్సుమన్న గాలి పోనిచ్చి తరువాత తీయాలి. వాషరు పోతే సైకిలు ట్యూబు కత్తిరించి వేసేవారిని చూస్తుంటాను. పెట్రోలు తగిలితే ఆ రబ్బరు ఉబ్బి, మెత్తబడి, రెండు వారాల్లో కారడం మొదలవుతుంది. పెట్రోలుకు తట్టుకునే వాషరు బండి విడిభాగాల దుకాణంలో దొరుకుతుంది, దాన్నే వేయండి. ఇప్పుడు బంకులో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలోని తేమను పీలుస్తుంది, కనుక మూత గట్టిగా లేని డబ్బాలో ఒక వానాకాలమంతా నిలవ ఉంచిన పెట్రోలును నమ్మకండి. ఆయిలు కలిపిన పెట్రోలుకు వేరే డబ్బా పెట్టి, లోపల ఏముందో చెరగని రంగుతో పైన పెద్దక్షరాల్లో రాయించండి.

కొత్త డబ్బా కొనేరోజున దుకాణదారును మొహమాటపడకుండా ఒక బకెట్టు నీళ్లు అడగండి. డబ్బాను ముప్పావు నింపి, మూత బిగించి, ఒక నిమిషం పక్కకు పడుకోబెట్టి, ఎక్కడైనా తడి కనబడుతుందేమో వేలితో తడిమి చూడండి. ఆ తరువాత గాలిమూత వదులు చేసి, ఒక మంచినీళ్ల సీసా మూతిలోకి ధార పోయండి. బుడబుడ లేకుండా నిండితే తీసుకోండి, ఇంటికి వచ్చాక లోపల తడి పూర్తిగా ఆరేవరకు రెండు రోజులు మూత తీసి నీడలో బోర్లించి ఉంచి, ఆ తరువాతే బంకుకు తీసుకువెళ్లండి. సెలవు.