ఓమ్స్ సరే, పొలంలో ఏం వేశారు?

[నడవాలో కెమెరా. ఎవరూ లేరు. వెనకాల నుంచి గొంతు.]

ఒక్క నిమిషం, మోటారు వేసి వస్తా.

[స్విచ్ టక్‌మన్న చప్పుడు. వచ్చి కూర్చుంటాడు.]

ఆఁ, వేశాను. మా ట్యాంకు నిండడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఇవాళ నాకున్న టైమూ అంతే. ఎందుకంటే కిందటి ఆదివారం ఇలాగే మోటారు వేసి, చెవులకి బయటి హోరు మాయం చేసే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ తగిలించుకుని మంచం ఎక్కాను. ట్యాంకు పొంగింది. నీళ్లు సన్‌షేడ్ మీంచి ధారకట్టి, పక్కింటివాళ్లు ఆరబెట్టుకున్న వడియాల మీద పడ్డాయి. నాకేం తెలుసు? హాయిగా బాలు పాట వింటున్నా. అమ్మ వచ్చి భుజం మీద ఒక్కటి చరిస్తే గానీ లేవలేదు. పక్కింటి పిన్నిగారు ఇప్పటికీ నాతో మాట్లాడట్లేదు.

ఇంట్లో తిరుగుతూ వినడానికి ఏ హెడ్‌ఫోన్స్ కొనాలి, దానికి ఏ యాంప్, అంటే సౌండ్‌కి బలమిచ్చే ఏ డబ్బా తగిలించాలి అనేదే ఇవాళ్టి విషయం. అసలు ఈ వీడియో చేయాలనుకోలేదు. కానీ ప్రతి వీడియో కింద అదే ప్రశ్న. "అన్నా, 300 ఓమ్స్ హెడ్‌ఫోన్ తీసుకుంటున్నా. యాంప్ లేకపోతే పాడవుతుందంట కదా?" ఇంకొకాయన, "32 ఓమ్స్ అంటే లో క్వాలిటీ, 250 అంటే హై క్వాలిటీ, అంతే కదా బ్రో?" కాదు బ్రో. మూడేళ్లుగా చెప్తున్నా, కాదు.

[తెల్ల బోర్డు. మార్కర్‌తో ట్యాంకు, పైపు, పొలం గీస్తాడు.]

ఇది ట్యాంకు. ఎంత ఎత్తున ఉంటే పైపులో అంత ఒత్తిడి. అది వోల్టేజ్. మీ ఫోనో, దానికి తోకలా తగిలించే డాంగిలో, యాంపో ఇచ్చేది అది. ఇది పైపు. సన్న పైపయితే ఓమ్స్ ఎక్కువ, లావు పైపయితే ఓమ్స్ తక్కువ. ఓమ్స్ అంటే అంతకంటే ఏమీ లేదు. పైపు సైజు. పైపు సైజు చూసి నీళ్లు తియ్యగా ఉంటాయా ఉప్పగా ఉంటాయా అని ఎవరైనా చెప్తారా? మరి ఓమ్స్ చూసి క్వాలిటీ ఎలా చెప్తున్నారు?

ఇప్పుడు అందరూ మర్చిపోయే మూడోది. ఇది పొలం. ఇందులో ఏం వేశారు? వరి వేశారా, జొన్న వేశారా? వరయితే మడి నిండా నీళ్లు నిలవాలి. జొన్నకి నాలుగు తడులు చాలు. హెడ్‌ఫోన్స్ డబ్బా మీద సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది చూడండి, డెసిబెల్స్‌లో. అదీ పంట. ఆ అంకె పెద్దదయితే జొన్న, చిన్నదయితే వరి. పైపు సైజు ఒక్కటే చెప్పి మోటారు ఎంతది కావాలి అని అడిగితే, ఏ మెకానిక్ అయినా మొదట అడిగేది ఏంటి? "పొలంలో ఏం వేశావు బాబూ?"

ఊరికే చెప్తే నమ్మరు కదా, లెక్క చూద్దాం. సెన్‌హైజర్ హెచ్‌డీ 650. ఓమ్స్ 300. సన్న పైపు, అందరూ భయపడేది దీన్ని చూసే. కంపెనీ కాగితంలో ఇంకో ముక్క కూడా ఉంది: 1 వోల్టు ఇస్తే 103 డెసిబెల్స్. ఆ 1 వోల్టు దగ్గర అది తాగేది మూడు మిల్లీవాట్ల పైచిలుకు. మూడు మిల్లీవాట్లు! జొన్న చేను. పైపు సన్నం కాబట్టి ట్యాంకు కాస్త ఎత్తున ఉండాలి, నిజమే. కానీ కావలసిన నీళ్లు చారెడు.

ఇప్పుడు హైఫైమ్యాన్ హెచ్‌ఈ6 చూడండి. ఓమ్స్ 50. మన బ్రో లెక్కలో ఫోన్‌కే పెట్టేసుకోవచ్చు. దీని సెన్సిటివిటీ 1 మిల్లీవాటుకి 83.5 డెసిబెల్స్. అదే 1 వోల్టు ఇస్తే 20 మిల్లీవాట్లు మింగి కూడా 97 డెసిబెల్స్ దాటదు. ఒకే మోత రావాలంటే హెచ్‌డీ 650 కంటే పాతిక రెట్లకు పైగా పవర్ కావాలి. లావు పైపు, దాని చివర వరి మడి. 300 ఓమ్స్‌ది జొన్న, 50 ఓమ్స్‌ది వరి. ఇది చూశాక కూడా ఓమ్స్ ఒక్కటే అడిగితే నేను సమాధానం చెప్పను, ముందే చెప్తున్నా.

[టేబుల్ మీంచి చిటికెన వేలంత తెల్ల డాంగిల్ తీసి చూపిస్తాడు.]

ఇది యాపిల్ యూఎస్‌బీ-సీ డాంగిల్. ధర వెయ్యి రూపాయలకి అటూ ఇటూ. ఈ తోకలాంటి దాంట్లోనే డాక్ ఉంది, అంటే ఫోన్లోని డిజిటల్ అంకెల్ని సౌండ్ సిగ్నల్‌గా మార్చేది, యాంపూ ఉంది. అమెరికాలో అమ్మేది 1 వోల్టు ఇస్తుంది, యూరప్‌లో అమ్మేది దాంట్లో సగమే. కాబట్టి డాలస్ నుంచి బావ తెచ్చాడా, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి అక్క తెచ్చిందా అన్నది ఇక్కడ నిజంగానే ముఖ్యం. ఇంకో తిరకాసు: కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు దీని వాల్యూమ్‌ని లోపల పూర్తిగా తెరవవు. వాల్వు సగం తిప్పి వదిలేసినట్టు. అలాంటి ఫోనయితే వేరే డాంగిల్ చూసుకోండి.

సరే, పూర్తి 1 వోల్టు వచ్చిందనుకుందాం. అంటే హెచ్‌డీ 650లో 103 డెసిబెల్స్ దాకా. మనం ఇంట్లో వినేది సగటున డెబ్భై, డెబ్భై అయిదు. డోలు మీద దెబ్బ పడ్డప్పుడు తొంభై దాటుతుందేమో. ఇంకా ఖాళీ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకి చెప్పే హద్దు వారానికి 40 గంటలు, అదీ 80 డెసిబెల్స్. 103 దగ్గర మీరు రోజూ వింటున్నారంటే మీకు కావలసింది యాంప్ కాదు, చెవుల డాక్టరు.

ఒక్క చోట మాత్రం ఒప్పుకుంటా. పాత కర్ణాటక కచేరీల రికార్డింగులు కొన్ని మరీ నీరసంగా ఉంటాయి. ఆలాపన మొదలవుతుంటే వాల్యూమ్ చివరికంటా తిప్పినా చాలదు. అవే మీ ప్రధాన ఆహారమైతే 2 వోల్టుల డాంగిల్ తీసుకోండి. వోల్టులు రెట్టింపయితే 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అది చాలు. పదిహేను వేల డబ్బా అక్కర్లేదు.

మరి డాక్ మారిస్తే సౌండ్ మారదా అంటారు. ఆ తోకలోంచి వచ్చే శబ్దం ఇప్పటికే మన చెవికి అందే మలినం లేనంత శుభ్రంగా ఉంది. దాని మీద ఇంకో డాక్ అంటే, క్యాన్ వాటర్ తెచ్చుకుని మళ్లీ ఇంట్లో ఫిల్టర్‌లో పోసుకుని తాగడం. తప్పేం లేదు. తృప్తి.

అన్నట్టు, బజార్లో అచ్చం ఇలాగే ఉండేవి వందకీ నూట యాభైకీ దొరుకుతాయి. నేనూ ఒకటి కొన్నా. పెడితే కుయ్ కయ్ లేదు. ఫోన్ పాడైందేమోనని రెండు రోజులు కంగారు. తర్వాత విప్పి చూస్తే లోపల ఒట్టి తీగలే. అలాంటివి, యూఎస్‌బీ-సీలోంచి అనలాగ్ సౌండ్ పంపే ఫోన్లకే పనికొస్తాయి. కొనేటప్పుడు "లోపల డాక్ ఉందా" అని ఒక్క మాట అడగండి.

[మెడ తిప్పి బయటికి చూస్తాడు.] ఇంకా టైముంది.

ఇప్పుడు అసలు సంగతి, ఇల్లు. సమీక్షలన్నీ ఏసీ గదిలో, తలుపు బిగించి, కుర్చీలో కూర్చుని చేసినవి. మాది బెజవాడ. మే నెల. నెత్తి మీద ఫ్యాన్ అయిదులో తిరుగుతోంది. అలాంటి చోట ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఏమవుతుంది? వెనక జాలీ ఉంటుంది కదా, దాంట్లోంచి ఫ్యాను హోరు నేరుగా లోపలికి. ఫ్యాను మీద గెలవడానికి వాల్యూమ్ పెంచుతారు. సౌండ్‌స్టేజ్ కోసం, అంటే పాట మన చుట్టూ విశాలంగా పరుచుకున్నట్టు వినిపించడం కోసం పెట్టిన డబ్బంతా గాల్లో కలుస్తుంది, అక్షరాలా.

పోనీ క్లోజ్డ్ బ్యాక్ అంటే, మూసేసిన లెదరెట్ ప్యాడ్లు, అంటే తోలులాంటి పూతవి. అరగంటకి చెవులు ఆవిరి కుడుములవుతాయి. ఇంకా అన్యాయం ఏంటంటే, చెమటకి ఆ పూత రెండేళ్లలో పొరలు పొరలుగా ఊడుతుంది. నేను ఓసారి పెళ్లికి వెళ్తే, "ఏరా, చెవులకి కాటుక పెట్టుకున్నావా?" అని అడిగారు. అద్దంలో చూసుకుంటే చెవి చుట్టూ నల్ల పొట్టు. అందుకే మన ఊళ్లలో క్లోజ్డ్ కావాలంటే గుడ్డ ప్యాడ్లవి చూడండి. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రోలో 80, 250 ఓమ్స్ వాటికి బూడిదరంగు వెలూర్ ప్యాడ్లు వస్తాయి. 32 ఓమ్స్‌దీ ఉంది గానీ, దానికొచ్చేవి లెదరెట్ ప్యాడ్లే. ఇల్లంతా తిరిగేవాళ్లు 80 తీసుకోండి. 250 తక్కువదనీ కాదు, ఎక్కువదనీ కాదు. పైపు సన్నం, అంతే.

నాయిస్ క్యాన్సిలింగ్ సంగతి. అది బాగా తీసేసేది ఆగకుండా వచ్చే లావు హోరుని. ఫ్యాను, ఏసీ, బస్సు ఇంజిను. పైస్థాయి శబ్దాల్ని ఆపేది ఆ కప్పూ ప్యాడూ. మిగిలిన కాస్తనీ పాట కప్పేస్తుంది. ఆ మూడూ కలిసే నా వడియాల కొంప ముంచాయి. కుక్కర్ ఎన్ని కూతలు కూసింది, కాలింగ్ బెల్ మోగిందా, గ్యాస్ బండ వచ్చిందా, ఇవన్నీ ఇంట్లో ఉన్నవాడి డ్యూటీ కదండీ. 1979 జులై 1న సోనీ అమ్మకానికి పెట్టిన మొదటి వాక్‌మన్‌లో దీనికో ఏర్పాటు ఉండేది. నారింజ రంగు బటన్. నొక్కితే పాట తగ్గి, మైకులోంచి పక్కవాళ్ల మాట వినిపించేది. ఇద్దరు వినడానికి రెండు జాక్‌లు కూడా. తర్వాత్తర్వాత ఆ బటన్ పోయింది. ఇప్పుడు అదే పనికి ట్రాన్స్‌పరెన్సీ మోడ్ అని పేరు పెట్టి కొత్తగా కనిపెట్టినట్టు అమ్ముతున్నారు.

నా మటుకు నాకు ఇంట్లో తిరగడానికి ఇదిగో, ఇది.

[సన్నటి లోహపు బద్దకి రెండు నురగ ప్యాడ్లు ఉన్న హెడ్‌ఫోన్స్ పైకెత్తుతాడు.]

కాస్ పోర్టా ప్రో. 1984లో వచ్చింది, ఇప్పటికీ దాదాపు అదే రూపంలో అమ్ముతున్నారు. 60 ఓమ్స్, సెన్సిటివిటీ 101. పెరటి జొన్న. ఏ డాంగిలైనా తోలేస్తుంది. చెవి మీద కూర్చుంటుంది గానీ మూసెయ్యదు. గాలాడుతుంది. కుక్కర్ వినిపిస్తుంది. చూడ్డానికి పాత రేడియో ఆపరేటర్‌లా ఉంటారు, ఉండండి, ఇంట్లోనే కదా. ఫ్యాను మూడులో పెట్టుకోవాలి, ఆ త్యాగం తప్పదు. ఇంకో లోపం, మీరు వినే పాట పక్కవాళ్లకీ వినిపిస్తుంది. రాత్రి మంచం మీద పనికిరాదు.

ఇక వైరు. హెచ్‌డీ 650తో వచ్చే వైరు మూడు మీటర్లు. దాంతో వంటింట్లోకి వెళ్లడమంటే బావిలోకి వేసిన చేంతాడు మెడకి కట్టుకుని నడవడమే. తలుపు గొళ్లేనికి తగులుకుని తల వెనక్కి వెళ్తుంది, ఫోను ముందుకి పడుతుంది. పైగా ఫోను ఎక్కడ పెట్టాలి? లుంగీకి జేబుండదు. ఈ ముక్క ఏ సమీక్షలోనూ చెప్పరు.

దీనికి మందు బ్లూటూత్ రిసీవర్. క్యూడెలిక్స్ 5కే అని ఒకటుంది, అగ్గిపెట్టె అంత. బనియన్ మెడకి క్లిప్పు పెట్టుకోవచ్చు. మీ వైరు హెడ్‌ఫోన్స్ దాంట్లో గుచ్చుకోవడమే. మామూలు జాక్‌లో 2 వోల్టులు, బ్యాలెన్స్‌డ్ అనే రెండో జాక్‌లో 4. అంటే మన ట్యాంకు ఒకేసారి నాలుగో అంతస్తుకెక్కింది. ఫోను హాల్లో ఛార్జింగ్‌లో ఉంటుంది, మీరు పెరట్లో ఉంటారు.

[లోపల్నుంచి ఆడ గొంతు: "ఒరేయ్, మోటారు!"]

చూస్తున్నానమ్మా!

గబగబా చెప్పేస్తా. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్‌లో. మైక్రోవేవ్ అవెన్ దీ అదే ఇలాకా. నీళ్లు దాన్ని పీల్చేస్తాయి, మన ఒళ్లంతా నీళ్లే. కాబట్టి ఫోను ఒక గదిలో, రెండు గోడల అవతల మీరు, మధ్యలో మీ వీపు. బ్లూటూత్‌లో పాటని కుదించి పంపే పద్ధతుల్లో ఎల్‌డాక్ ఒకటి, ఏఏసీ ఒకటి. ఎల్‌డాక్‌లో సెకనుకి 990 కిలోబిట్స్ అని పట్టుబట్టారంటే పాట ముక్కలవుతుంది. సెట్టింగ్స్‌లో దాన్ని ఆటోకి వదిలేయండి, లేదా ఏఏసీ పెట్టుకోండి. తెగే హైరెజ్ (ఎక్కువ వివరాలున్న) పాట కంటే తెగని మామూలు పాట మేలు. ఘంటసాల పాత పాటలు మోనో రికార్డింగులు, వాటికి 990 ఎందుకండీ అసలు?

బ్లూటూత్‌లో సౌండ్ కాస్త ఆలస్యంగా వస్తుంది. సినిమా చూస్తే పెదాలకీ మాటకీ తేడా రాకుండా చాలా యాప్‌లు సర్దేస్తాయి. గేములకి మాత్రం వైరే.

చెవిలో దూర్చుకునే ఐఈఎమ్‌లు తులసికుండీ లాంటివి. చెంబుడు నీళ్లు చాలు. వాటికి 4 వోల్టుల యాంప్ పెడితే పాట ఆగినప్పుడు సుయ్‌మని గాలి చప్పుడు వినిపిస్తుంది. అయిదు హెచ్‌పీ మోటారు పెట్టి తులసికి నీళ్లు పోసినట్టు.

చివరగా అవుట్‌పుట్ ఇంపిడెన్స్. అంటే ఫోను, డాంగిల్, యాంప్‌ల సొంత ఓమ్స్. ఇది కూడా పైపే, కానీ ట్యాంకు వైపు పైపు. హెడ్‌ఫోన్స్ ఓమ్స్‌లో ఎనిమిదో వంతు కంటే తక్కువ ఉండాలి. అంటే 16 ఓమ్స్ ఐఈఎమ్‌కి 2 లోపు. పాత కంప్యూటర్ల జాక్‌లలో ఇది చాలా ఎక్కువ ఉంటుంది, అప్పుడు బాస్...

["పొంగిందిరా! వడియాలు! వడియాలు!"]

[కుర్చీ పడిపోతుంది. మెడలో పోర్టా ప్రో, దాని వైరు తలుపు గొళ్లేనికి తగులుకుని టేబుల్ మీది ఫోను కింద పడుతుంది. ఖాళీ కుర్చీ. సన్‌షేడ్ మీద నీళ్ల చప్పుడు.]