గ్యాస్ మాత్ర అడిగేవాళ్ళకి నిజంగా గ్యాసేనా? – బరంపురం స్టూడియోలో చర్చ

(పాల్గొన్నవారు: ఒక సైకియాట్రిస్టు, ఒక మందుల షాపు యజమాని, డిప్రెషన్‌కి చికిత్స తీసుకున్న ఒక రిటైర్డ్ మాస్టారు. పేర్లు వేయొద్దన్నారు.)

యాంకర్: షాపు నుంచే మొదలుపెడదాం. డిప్రెషన్ అని చెప్పి మందు అడిగేవాళ్ళు మీ దగ్గరికి వస్తారా అన్నయ్యా?

షాపు యజమాని: ఒక్కరూ రారండీ. గ్యాస్ అంటారు, గుండె దడ అంటారు, కాళ్ళు లాగుతున్నాయంటారు. “బలానికేదైనా ఇవ్వు బాబూ” అంటారు. కొడుకులు సూరత్ మగ్గాలకి వెళ్ళిపోయిన ఇళ్ళ నుంచి వచ్చే ఆడవాళ్ళయితే నెలకి నాలుగుసార్లు గ్యాస్ మందే పట్టుకెళ్తారు. అన్నిసార్లు గ్యాస్ ఎక్కడ నుంచి వస్తుంది?

డాక్టర్: నా దగ్గరికొచ్చేసరికి వాళ్ళ చేతిలో ఈసీజీ, స్కానింగ్ రిపోర్టుల సంచీ ఉంటుంది. అన్నీ నార్మల్. నేను ముందు అడిగేవి రెండు ప్రశ్నలే. రెండు వారాలుగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉంటోందా? ఇదివరకు ఇష్టంగా చేసే పని మీద ఇష్టం పోయిందా? ఆ తర్వాతే నిద్ర, ఆకలి, నీరసం. థైరాయిడ్, రక్తహీనత కూడా చూపిస్తాను, అవీ ఇలాగే కనిపిస్తాయి కాబట్టి.

యాంకర్: ఈమధ్య అందరూ డిప్రెషనే అంటున్నారు. నిజంగా అంతమందికి ఉందా?

డాక్టర్: టెన్షన్‌ని, ఒకపూట బెంగని నేను లెక్కలో కలపను. 2015-16లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్ళలో నూటికి 2.7 మందికి అప్పటికి డిప్రెషన్ ఉంది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చినవాళ్ళని కూడా కలిపితే 5.25. అంటే 20 మందిలో ఒకరు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన ఒడిశా లేదు, ఆంధ్రా కూడా లేదు. పక్కనున్న ఛత్తీస్‌గఢ్ ఉంది. కాబట్టి బరంపురం లెక్క ఇదీ అని నేను చెప్పను. నన్ను భయపెట్టేది ఇంకో అంకె. డిప్రెషన్ ఉన్నవాళ్ళలో నూటికి 85 మందికి చికిత్సే అందలేదు.

యాంకర్: మాస్టారూ, మీకెలా తెలిసింది?

మాస్టారు: నాకు తెలీలేదమ్మా, మా ఆవిడకి తెలిసింది. రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర వస్తుందా, అమ్మవారు దేశిబెహరా వీధిలో ఉన్నన్నాళ్ళూ నేను రాత్రిళ్ళు ఇంట్లో ఉండేవాడిని కాను. ఆ ఏడు గుమ్మం దాటలేదు. బాజా వినిపిస్తే తలుపేసెయ్యమన్నాను. “ఈయనకి కోపం ఎక్కువైంది” అని ఆవిడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ డాక్టరుకి తెలుగు రాదు. నలభై ఏళ్ళు ఇక్కడ బతికినవాణ్ణి, బజారు ఒడియా దంచేస్తాను. కానీ “బెంగ” అన్న మాట దగ్గర నోరు ఆగిపోయింది. తలనొప్పి అని చెప్పి వచ్చేశాను. (నవ్వు)

డాక్టర్: ఇది చిన్న విషయం కాదు. ఇంట్లో ఒక భాష, ఆస్పత్రిలో ఒక భాష అయినప్పుడు ఒంటి బాధలే గట్టు దాటి మా దాకా వస్తాయి. మనసు బాధలు ఇంట్లోనే ఉండిపోతాయి.

యాంకర్: మరి మందు వేసుకున్నారా?

మాస్టారు: తర్వాత వేరే డాక్టరు రాశారు. మొదటివారం కడుపులో తిప్పింది, గుణం సున్నా. పదో రోజున ఆపేశాను. ఐదు మాత్రలు మిగిలిన ఆ స్ట్రిప్పు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

డాక్టర్: చాలామంది అక్కడే ఆగిపోతారు. ఈ మందులకి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఆరు. ఇబ్బంది మొదట వస్తుంది, మేలు తర్వాత వస్తుంది. ఈ సంగతి ముందే చెప్పని డాక్టరుదీ తప్పే. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆపేటప్పుడు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

షాపు యజమాని: అలవాటైపోతాయని భయపడతారు మేడమ్.

డాక్టర్: చీటీ లేకుండా మిమ్మల్ని అడిగే నిద్రమాత్రలే అలవాటయ్యేవి. జనం రెంటినీ ఒకటే అనుకుంటారు.

షాపు యజమాని: ఒక్క మాట, కోపం తెచ్చుకోకండి. పని పోయినవాడికి మాత్ర పని తెచ్చిపెడుతుందా?

డాక్టర్: తేదు. అప్పు కూడా తీర్చదు. పొద్దున్నే మంచం దిగలేనివాడు దిగగలిగితే, తర్వాత సంగతి అతను చూసుకుంటాడు. పైగా అందరికీ మాత్రే అక్కర్లేదు. గోవాలో డిగ్రీలు లేని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చోబెట్టి మాట్లాడించారు. వదిలేసిన పనుల్లో ఒక్కొక్కటీ మళ్ళీ మొదలుపెట్టించడమే అందులో ముఖ్యం. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళ కంటే వీళ్ళలో ఎక్కువమంది కోలుకున్నారు. 2017లో ఫలితాలు అచ్చయ్యాయి. మన ఆశా కార్యకర్తలకి ఈ పని నేర్పొచ్చు.

యాంకర్: చచ్చిపోవాలనుంది అని ఎవరైనా అంటే?

డాక్టర్: సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలీ మానస్ అని మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను, డబ్బు పడదు. తెలుగులో కూడా మాట్లాడతారు.

యాంకర్: మాస్టారూ, ఇప్పుడెలా ఉంది?

మాస్టారు: మళ్ళీ మొదలుపెట్టి పూర్తిగా వాడాను. మొన్నటి యాత్రకి వెళ్ళాను. గంటసేపు నిలబడ్డాను, కాళ్ళు లాగాయి. డాక్టరమ్మని అడిగాను కూడా. అవి ఉత్త కాళ్ళ నొప్పులేనట.