సెన్సార్ మార్చే ముందు మీటరు పట్టండి

(కర్నూలులో బేలర్ ఆపరేటర్లకు, ట్రాక్టర్ మెకానిక్‌లకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద వరి కోతలు మొదలయ్యాయంటే హార్వెస్టర్ వెనకాలే గడ్డిని కట్టలు కట్టే బేలర్ మడిలోకి దిగాల్సిందే. ఒక్క వాన పడితే గడ్డి బూజు పడుతుంది, పశువు ముట్టదు. సరిగ్గా అప్పుడే బేలర్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె, అదే కంట్రోలర్, "గేటు మూయలేదు" అని మొండికేస్తుంది. అందరి నోటా ఒకటే మాట: గేటు మూసిందో లేదో చెప్పే సెన్సార్ పోయింది. చాలాసార్లు పోయింది సెన్సార్ కాదు. దానికొచ్చే కరెంటో, ఎర్తో, ఎదురుగా ఉండే ఇనుప పట్టీయో, మధ్యలో వైరో చెడి ఉంటుంది. కొత్తది కొనడం ఆఖరి పని.

ముందు ప్రాణం సంగతి. ఇంజిన్ ఆపి, తాళం తీసి, ఫ్లైవీల్ పూర్తిగా ఆగాక ట్రాక్టరు నుంచి బేలర్‌ను తిప్పే పీటీఓ షాఫ్టును ట్రాక్టరు వైపు విప్పేయండి. గేటు ఎత్తి కింద పని చేయాలంటే లాకు వేయకుండా దూరొద్దు. హైడ్రాలిక్ గొట్టాన్ని నమ్ముకుని తల పెట్టే పని కాదది. సెన్సార్ లైటు చూడాలన్నా, మల్టీమీటరుతో కొలవాలన్నా కంట్రోలర్‌కు కరెంటు కావాలి కాబట్టి అప్పుడు కీ ఆన్ చేయండి, ఇంజిన్ మాత్రం స్టార్ట్ చేయొద్దు.

గేటు దగ్గర ఎక్కువగా కనిపించేది ప్రాక్సిమిటీ సెన్సార్. మర ఉన్న గొట్టం, రెండు నట్లు, చాలావాటికి వెనక చిన్న ఎల్‌ఈడీ. ఇనుము ముఖం దగ్గరికొస్తే లైటు వెలుగుతుంది. దీనికి గడ్డి కనిపించదు, లోహమే కనిపిస్తుంది. కాబట్టి మొదటి పరీక్షకు స్క్రూడ్రైవర్ చాలు. దాని ఇనుప భాగాన్ని ముఖానికి ఆనించండి. లైటు వెలిగి, గేటు మూసినప్పుడు మాత్రం వెలగకపోతే సెన్సార్ మంచిదే, దానికీ ఎదురుగా ఉండే ఇనుప పట్టీకీ మధ్య సందు పెరిగింది.

సందు ఎంత ఉండాలి? సెన్సార్ మీద రాసిన దూరంలో డెబ్బై, ఎనభై శాతం. 18 మి.మీ. మర ఉండి, ముఖం లోహం అంచుతో సమానంగా ఉన్న రకానికి సాధారణంగా ఆ దూరం 5 మి.మీ. ఉంటుంది. అంటే 3.5 నుంచి 4 మి.మీ. దగ్గర బిగించాలి. మరీ దగ్గర పెడితే గేటు ఊగినప్పుడు పట్టీ కొట్టుకుని ముఖం పగులుతుంది. పట్టీ మెత్తటి ఇనుముదై ఉండాలి. అల్యూమినియం ముక్క బిగిస్తే దూరం బాగా పడిపోతుంది.

ఇక్కడ ఒక సంగతి. గేటు కొక్కెంలో గడ్డి పిడచ ఇరుక్కుంటే గేటు నిజంగానే పూర్తిగా మూసుకోదు. సెన్సార్ నిజం చెప్తుంటే మనం దాన్ని తిడుతున్నాం! కాబట్టి సందు సవరించే ముందు కొక్కెం శుభ్రం చేయండి, కీలు బుష్ అరిగిందేమో గేటును పట్టుకుని ఊపి చూడండి. అరిగిన బుష్‌ని వదిలేసి సెన్సార్‌ను ముందుకు జరుపుకుంటూ పోతే వారానికోసారి అదే పని.

ఇనుము ఆనించినా లైటు రాకపోతే మీటరు తీయండి. మూడు వైర్ల రకంలో బ్రౌన్ ప్లస్, నీలం మైనస్, నలుపు సిగ్నల్. బ్రౌన్‌కీ నీలానికీ మధ్య బ్యాటరీ వోల్టేజి రావాలి. చాలా సెన్సార్లు 10 నుంచి 30 వోల్టుల మధ్య పనిచేస్తాయి. తొమ్మిదే వస్తే తప్పు సెన్సార్‌ది కాదు. ఫ్యూజు గూడు, బ్యాటరీ టెర్మినల్ చూడండి. తర్వాత ఎర్తు. కనెక్టర్ పెట్టే ఉంచి, మీటరు నల్ల ప్రోబు బ్యాటరీ మైనస్‌కు, ఎర్రది నీలం వైరుకు పెట్టండి. 0.2 వోల్టు దాటితే ఎర్తు బోల్టు కింద తుప్పో రంగో ఉంది. గీకి బిగించండి.

సిగ్నల్‌లో రెండు రకాలున్నాయి. పీఎన్‌పీ అయితే ఇనుము ఎదురైనప్పుడు నల్లవైరు మీద దాదాపు బ్యాటరీ వోల్టేజి వస్తుంది. ఎన్‌పీఎన్ అయితే సున్నాకు పడిపోతుంది. ఈ రెండూ పైకి కవల పిల్లల్లా ఉంటాయి, ఒకదాని చోట మరొకటి పెడితే లైటు వెలుగుతుంది కానీ కంట్రోలర్ పట్టించుకోదు. పాతదాని నంబరు రాసుకోకుండా షాపుకు పోవద్దు.

లైటు వెలిగినా కంట్రోలర్‌కు తెలియట్లేదా? సెన్సార్ రకం సరైనదే అయితే నల్లవైరు మధ్యలో తెగింది. గేటు కీలు దగ్గర రోజంతా వంగే చోట తొడుగు బాగానే ఉంటుంది, లోపల రాగి తెగి ఉంటుంది. కదలకుండా చూస్తే మీటరు కూతపెట్టి మోసం చేస్తుంది. వైరును వంచుతూ చూడండి. షెడ్డులో గడ్డితో పాటు నిలబెట్టిన బండికి ఎలుకల పని కూడా ఉంటుంది. అతుకు టేపుతో వద్దు. ఎండకు జిగురు కరిగి జారిపోతుంది. టంకం వేసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడగండి.

డిసెంబరు పొద్దున మంచులో ఫాల్ట్ వచ్చి, పది గంటలకల్లా దానంతటదే పోతోందంటే కనెక్టర్‌లో తేమ చేరింది. విప్పి ఆరబెట్టి, కనెక్టర్లకు వాడే సిలికాన్ గ్రీజు కొద్దిగా రాయండి. వాటర్ సర్వీసింగ్ చేసే కుర్రాళ్లకు ప్రెషర్ గన్ కనెక్టర్ల మీద కొట్టొద్దని చెప్పండి.

కట్టలు ఎత్తే లోడర్‌కు, కన్వేయర్‌కు ఉండే ఫోటో సెన్సార్ కథ వేరు. నల్లరేగడి దుమ్ము, పొట్టు అద్దం మీద పేరుకుంటే కట్ట లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. నీళ్లు తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి, డీజిల్ గుడ్డ వద్దు. వెలుతురును వెనక్కి పంపే రిఫ్లెక్టర్ సెన్సార్‌కు ఎదురుగా ఉందో లేదో చూసుకోండి. సాయంత్రం ఏటవాలు ఎండ నేరుగా పడినప్పుడే తప్పు చూపిస్తుంటే చిన్న రేకు గొడుగు చాలు.

సెన్సార్ వైర్లు కలిపేసి బండి నడిపించడం మాత్రం ఎవరు చేసినా తప్పే. గేటు మూసుకోకుండానే మూసుకుందని కంట్రోలర్ నమ్మితే తర్వాత ఏ సిలిండర్ ఎప్పుడు కదులుతుందో మీ చేతిలో ఉండదు. వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ కేబుళ్లు, కంట్రోలర్ ప్లగ్గు తీసేయండి, ఎర్తు క్లాంపు వెల్డింగ్ చేసే చోటికి దగ్గరగా పెట్టండి.

రిపేరు అయ్యాక మనుషుల్ని పక్కకు పంపి, ఖాళీ బండి మీద గేటును పదిసార్లు తెరిచి మూయండి. ప్రతిసారీ లైటు వెలిగి, కంట్రోలర్ తెర మారితేనే కొత్త కట్ట మొదలుపెట్టండి.