ఫ్రీగా ఇచ్చిన లీడర్‌షిప్ కోర్సు: మూడో పాఠం దగ్గరే నాకు మండింది!

నమస్తే అండీ, తిరుపతి నుంచి మళ్లీ మీ ముందుకొచ్చాను. ముందే చెప్పేస్తా, ఈ కోర్సు నేను కొనలేదు. వాళ్లే ఫ్రీగా లాగిన్ ఇచ్చారు. రేటెంత, ఎన్ని గంటలు, సర్టిఫికెట్ ఇస్తారా అన్నవి మీరు వాళ్ల పేజీలో చూసే ఉంటారు, వాటి జోలికి పోను. వీడియో, ఆడియో బాగున్నాయి. పోయినేడాది నేను 499 పెట్టి కొన్నదాని కన్నా నయం, అందులో సింహం బొమ్మలూ కొటేషన్లూ తప్ప ఏమీ లేవు.

నా గొడవంతా మూడో పాఠంతోనే. టీమ్‌తో పని చేయించడానికి లీడర్ చేతిలో ఏయే పవర్లుంటాయన్నది అందులో విషయం. ఫ్రెంచ్, రేవెన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1959లో ఐదు రకాలు చెప్పారు. శిక్ష పడుతుందన్న భయం, ఏదో దక్కుతుందన్న ఆశ, కుర్చీతో వచ్చే అధికారం, పని తెలిసినవాడన్న నమ్మకం, మనిషి మీద అభిమానం. ఈ సార్ ఆశ గురించే అరగంట చెప్పాడు. పాయింట్లట, బ్యాడ్జీలట, నెలకో స్టార్ అట. చివరి రెండింటికీ కలిపి రెండే నిమిషాలు! భయమూ ఆశా పనిచేయాలంటే ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలని ఆ ఇద్దరూ అప్పుడే రాశారు. ఆ ముక్క ఈయన నోట రానేలేదు.

నాకెందుకింత మంట అంటే, ఈ ఛానల్ పెట్టకముందు నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. సీజన్లో తోతాపురి లారీలు గేటు బయట బారులు తీరేవి. బెల్టు దగ్గర పండ్లు ఏరే ఆడవాళ్లకు క్రేటుకింత అని ఎక్స్‌ట్రా ఇస్తామన్నాను. ఐడియా నాదే, నా భుజం నేనే తట్టుకున్నా. క్రేట్లు పెరిగాయి. టీ తాగి వచ్చేసరికి నల్లమచ్చల కాయలు కూడా గుజ్జులోకి పోతున్నాయి. అరిచాను. నేనక్కడ నిలబడినంతసేపూ శుభ్రంగా ఏరారు.

వాళ్లలో ఒక పెద్దక్క ఉండేది, హోదా గీదా ఏమీ లేదు. కొత్తగా చేరిన అమ్మాయిని పిలిచి, కుళ్లిన ముక్క గుప్పిట్లో నలిపి ముక్కు దగ్గర పెట్టింది. "ఈ ఒక్కటి పడితే డ్రమ్మంతా ఇదే కంపు పాపా. చిన్నపిల్లోళ్లు తాగే జ్యూసు ఇది" అంది. ఆ రాత్రి నేను గోడౌన్‌లో ఉన్నా ఆ అమ్మాయి ఒక్క మచ్చ వదల్లేదు.

దీనికీ పేరుంది. రేవెన్ 1965లో ఆరోది కలిపాడు, సమాచారం అని. ఎందుకు చేయాలో బుర్రకెక్కితే, చెప్పిన మనిషి పక్కన లేకపోయినా పని ఆగదు. కోర్సులో దాని ఊసే లేదు!

మన కొండ మీద శ్రీవారి సేవ చూడండి, 2000 నుంచి నడుస్తోంది. జీతం లేకుండానే వచ్చి వడ్డిస్తారు, కూరగాయలు తరుగుతారు. సరే, అక్కడ లీడర్ సాక్షాత్తూ స్వామి, ఆ పవర్ మనకెక్కడిదిలెండి.

కొనమంటారా అంటే, వద్దంటాను. మీటింగులో మాట రాక టెన్షన్ పడేవాళ్లకు ఐదో పాఠం పర్వాలేదు, అంతే. అన్నట్టు, ఐదు స్టార్లు ఇస్తే రెండో భాగం కూడా ఫ్రీ అని నిన్న వాళ్ల మెయిల్ వచ్చింది. రెండే ఇచ్చాను.