టైల్స్ కన్నా ముందు బకెట్

అందరికీ నమస్కారం. బడిలో ఈతకొలను పాతబడితే కమిటీ వాళ్ల చూపు ముందు పగిలిన టైల్స్ మీదే పడుతుంది. నిజానికి అది ఆఖరి పని. నీళ్లు ఎటు పోతున్నాయో తేలకుండా టైల్స్ మార్చడమంటే, చెమ్మ గోడకు సున్నం కొట్టడమే.

కొలను నిండుగా ఉండగానే పరీక్ష మొదలుపెట్టండి. బకెట్లో కొలను నీళ్లే పోసి, అడుగున రాయి వేసి, కొలనులో నీళ్లలో మునిగిన మెట్టు మీద పెట్టండి. లోపలి మట్టం, బయటి మట్టం సమానంగా ఉంచి రెంటికీ గీతలు పెట్టండి. 24 గంటల తర్వాత రెండూ ఒకేలా దిగితే అది ఎండకు ఆవిరైన నీరు. కొలను ఎక్కువ దిగితే కారుతున్నట్టు. 25 మీటర్ల పొడవు, 12.5 మీటర్ల వెడల్పు కొలనులో ఒక్క మిల్లీమీటరు తేడా అంటే 312 లీటర్లు!

పంపు ఆపి ఒకసారి, నడుపుతూ ఒకసారి చూడాలి. నడిచేటప్పుడే ఎక్కువ పోతుంటే అనుమానం రిటర్న్ పైపు మీద, అంటే పంపు నుంచి కొలనుకు నీళ్లు తిరిగొచ్చే పైపు మీద. రెండుసార్లూ అంతే పోతుంటే గోడ పగుళ్లు, లైటు గూళ్లు, పైపు గోడలోకి దూరే చోట్లు వెతకాలి. పంపు ఆపి, సిరంజితో రంగునీళ్లు మెల్లగా వదిలితే కారే చోటు రంగును లోపలికి లాగేస్తుంది.

ఖాళీ చెయ్యడంలోనే అసలు ప్రమాదం. నాగావళి, వంశధార నదుల ఒడ్డు ఊళ్లలో, గెడ్డల (వాగుల) పక్కన వానాకాలం భూమిలో నీరు బాగా పైకొస్తుంది. కొలను అడుగు కన్నా ఆ నీరు అర మీటరు పైనుంటే, చదరపు మీటరుకు 500 కిలోల తోపు కింది నుంచి పడుతుంది. 20 సెంటీమీటర్ల కాంక్రీటు బరువు దాదాపు అంతే. ఖాళీ కొలను పడవలా లేస్తుంది, అడుగు చీలుతుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో, అదీ దగ్గర్లోని నూతిలో నీటి మట్టం చూశాకే తోడండి. హుద్‌హుద్, తిత్లీ తుఫానులు రెండూ అక్టోబరులోనే విరుచుకుపడ్డాయి, ఆలోగా కొలను మళ్లీ నిండి ఉండాలి.

ఖాళీ అయ్యాక సుత్తితో తట్టి, బోలుగా మోగినదంతా చెక్కెయ్యండి. తుప్పు ఊచ కనబడితే దాని వెనక 2 సెంటీమీటర్ల దాకా కాంక్రీటు తీసి, ఊచను తెల్లగా రుద్ది, పాలిమర్ మోర్టార్ (పాలిమర్ కలిపిన సిమెంటు మిశ్రమం) పట్టించాలి. తుప్పు మీద పూసిన సిమెంటు మళ్లీ ఉబ్బి రాలుతుంది. వాటర్‌ప్రూఫ్ పూత ఆరాక, టైల్స్ వెయ్యకముందే నీళ్లు నింపి 7 రోజులు ఉంచండి. కాంట్రాక్టర్లు ఎగ్గొట్టాలని చూసేది ఈ వారమే.

పాత కొలనుల్లో అడుగున ఒకే డ్రెయిన్ (పంపు నీళ్లు లాగే రంధ్రం) ఉంటుంది. పిల్లల జుట్టో కాలో దాన్ని మూస్తే పంపు లాగుడంతా అక్కడే పడుతుంది. కనీసం 3 అడుగుల ఎడంతో రెండు డ్రెయిన్లు పెట్టి, ఒకే పైపుకు కలిపి, ఉబ్బెత్తు మూతలు బిగించండి. మూత స్క్రూ ఒక్కటి ఊడినా ఆ రోజు ఈత లేదు.