పొట్ట పెరిగితే పడకగదిలో ఏమవుతుంది? ముందు టేపు తీయండి

అందరికీ నమస్కారం. ఈ వీడియో మగవాళ్ల కోసం, ముఖ్యంగా ముప్ఫై దాటి, ప్యాంటు పొట్ట కిందికి జారిపోతున్నవాళ్ల కోసం. పక్కన మామగారు టీవీ చూస్తుంటే మాత్రం ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. పొట్టకీ పడకగదిలో వచ్చే ఇబ్బందికీ నేరుగా సంబంధం ఉంది, ఆ సంబంధం ఎలాంటిదో, మన చేతుల్లో ఏముందో ఇవాళ చూద్దాం.

ముందు ఒక టేపు తెచ్చుకోండి, టైలర్లు వాడేది. వీడియో ఆపి తెచ్చుకున్నా పర్లేదు. తెచ్చారా? చొక్కా పైకెత్తి, ఇదిగో ఇలా, నడుము పక్కన వేళ్లతో తడమండి, అన్నిటికంటే కింద ఉన్న పక్కటెముక తగులుతుంది, ఇంకాస్త కిందికొస్తే తుంటి ఎముక పైఅంచు తగులుతుంది. ఈ రెండింటికీ మధ్యలో టేపు చుట్టాలి. వెనకవైపు కిందికి జారకుండా చూసుకోండి. టేపు కనపడగానే అందరం పొట్ట లోపలికి లాక్కుంటాం, అది వద్దు. మామూలుగా ఊపిరి వదిలి, వదిలాక ఎంతుందో చూడండి. మన దక్షిణాసియా మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, అంటే ముప్పై అయిదున్నర అంగుళాలు దాటితే పొట్ట ఎక్కువైనట్టే. 'నా ప్యాంటు సైజు 34 కదా' అంటారేమో, మీరు ప్యాంటు కట్టేది పొట్ట కింద, ఆ నంబరుతో మనకు పని లేదు.

కొందరంటారు, నేను లావు కాదండీ, బరువు నార్మలే, పొట్ట ఒక్కటే కొంచెం ఉంది అని. చిక్కంతా ఆ 'కొంచెం'లోనే ఉంది. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో వచ్చింది. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండో ఆయన బ్రిటన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు చూసే లెక్క, ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2 శాతం! కాళ్లూ చేతులూ సన్నగానే ఉండి కొవ్వంతా లోపల దాచుకునే ఒళ్లు మనవాళ్లది, అందుకే బరువు మిషన్ ఎక్కి సంబరపడకండి.

ఇక అసలు సంగతికొద్దాం. అంగం గట్టిపడటమంటే అందులో రక్తం నిండటమే. కోరిక కలగగానే నరాల చివర్లూ రక్తనాళాల లోపలి పొరా నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును వదులుతాయి, దాంతో అక్కడి కండరం సడలి, నాళాలు వెడల్పై రక్తం లోపలికి వస్తుంది, ఆ ఒత్తిడికి బయటికి వెళ్లే సిరలు నొక్కుకుపోయి రక్తం అక్కడే నిలుస్తుంది. రక్తనాళాల్లో ఈ వాయువు చేసే పనిని కనిపెట్టినందుకు 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ ఇచ్చారు, వయాగ్రా మార్కెట్లోకి వచ్చింది కూడా ఆ ఏడాదే. ఆ మాత్ర కోరికను పుట్టించదు, ఈ వాయువు మొదలుపెట్టిన పనిని ఎక్కువసేపు నిలబెడుతుంది, అంతే.

పేగుల చుట్టూ, కాలేయం దగ్గర చేరిన కొవ్వు ఊరికే ఉండదు. వాపును పెంచే రసాయనాలను రక్తంలోకి వదులుతూ ఉంటుంది, ఇన్సులిన్‌ను సరిగ్గా పనిచేయనివ్వదు, బీపీని పెంచుతుంది, ఇవన్నీ కలిసి నాళాల లోపలి పొరను దెబ్బతీస్తే నైట్రిక్ ఆక్సైడ్ తయారవడమే తగ్గిపోతుంది. డ్రిప్పు వేసిన రైతును అడగండి, మెయిన్ పైపు బాగానే ఉంటుంది, ముందు మూసుకుపోయేది చివరున్న సన్న రంధ్రమే. అంగానికి వెళ్లే ధమని 1 నుంచి 2 మిల్లీమీటర్లు, గుండెకు వెళ్లేవి 3 నుంచి 4. కాబట్టి తేడా ముందు ఎక్కడ కనపడుతుందో మీరే చెప్పండి. చాలామందిలో గుండె జబ్బు బయటపడటానికి కొన్నేళ్ల ముందే అంగస్తంభన సమస్య మొదలవుతుంది, మనవాళ్లేమో దాన్ని సిగ్గుతో దాచేస్తారు. నాకు బాగా కోపం తెప్పించేది బస్టాండు గోడల మీద కనపడే 'నరాల బలహీనత' ప్రకటనలు. లాడ్జి గదిలో కూర్చుని బీపీ కూడా చూడకుండా పొడి పొట్లం ఇచ్చేవాడి దగ్గర మీరు పోగొట్టుకునేది డబ్బు ఒక్కటే కాదు, గుండెను కాపాడుకోవాల్సిన ఆ కొన్నేళ్లు కూడా.

కొందరికి గట్టిపడటం సంగతి పక్కన పెట్టండి, అసలు కోరికే పుట్టదు. అక్కడ హార్మోన్ల వ్యవహారం ఉంటుంది. కొవ్వు కణాల్లో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ను ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్‌గా మార్చేస్తుంది. పైగా పొట్ట పెరిగేకొద్దీ టెస్టోస్టెరాన్ తయారీకి మెదడు నుంచి వెళ్లే సంకేతమూ తగ్గుతుంది. టెస్టోస్టెరాన్ తగ్గితే కండ కరిగి కొవ్వు పెరుగుతుంది, కొవ్వు పెరిగితే అది ఇంకా తగ్గుతుంది. దీనికి తోడు గురక. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడుతుంటే ఈ హార్మోన్ సరిగ్గా తయారు కాదు, పొద్దున లేచినా ఒళ్లు బరువుగానే ఉంటుంది. మీరు గురక పెడతారో లేదో మీ ఆవిడను అడగండి, మీకు తెలియదు.

ఇంకో భయం, 'సైజు తగ్గిపోయింది' అని. తగ్గలేదు బాబూ. పొత్తికడుపు కింద పేరుకున్న కొవ్వులో మొదలు దాక్కుంది, బరువు తగ్గితే మళ్లీ కనపడుతుంది.

మరి ఏం చేయాలి? పొట్ట మీద పడి క్రంచెస్ కొట్టడం వల్ల లోపలి కండ గట్టిపడుతుందే తప్ప పైనున్న కొవ్వు కరగదు. ఇటలీలో ఊబకాయమూ అంగస్తంభన సమస్యా రెండూ ఉన్న 110 మందిని తీసుకుని, సగం మందికి తిండి గురించీ వ్యాయామం గురించీ వివరంగా నేర్పి రెండేళ్లు గమనించారు, 2004లో ఫలితాలు వచ్చాయి. నేర్పించిన వాళ్లలో దాదాపు మూడో వంతు మంది మామూలు స్థితికి వచ్చారు. మిగతావాళ్లకు పూర్తిగా రాలేదన్నది కూడా చెప్పాలి కదా. ఇంకో మాట, వాళ్లెవరికీ షుగర్ లేదు. అంటే షుగర్ రాకముందే మొదలుపెట్టాలి.

వారానికి కనీసం 150 నిమిషాలు గబగబా నడవండి, మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగంగా. వారానికి రెండుసార్లు బరువులు ఎత్తండి లేదా బస్కీలు తీయండి. అన్నం మానేయక్కర్లేదు, రెండోసారి వడ్డించుకోవడం మానేసి ఆ జాగాలో పప్పో కూరో గుడ్డో పెట్టండి. రాత్రి పదకొండుకు బిర్యానీ, దాంతోపాటు రెండు బీర్లు, ఈ కార్యక్రమం ప్రతి వీకెండ్ ఉంటే ముందు దాన్ని తగ్గించండి. సిగరెట్ కాల్చేవాళ్లు నాళాలను రెండు వైపుల నుంచీ దెబ్బతీసుకుంటున్నారు.

తెల్లవారుజామున గట్టిపడటం మామూలుగానే ఉండి, అవసరమైనప్పుడే కుదరకపోతే చాలావరకు అది టెన్షన్. అప్పుడూ ఇప్పుడూ అన్నది లేకుండా ఎప్పుడూ కుదరక మూడు నెలలైతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. బీపీ, షుగర్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, ఇవన్నీ చూపించుకోండి. టెస్టోస్టెరాన్ పరీక్ష ఉదయం పూట, పరగడుపున చేయించుకోవాలి, తక్కువొస్తే మరో రోజు మళ్లీ చేయించాలి. జిమ్‌లో ఎవరో చెప్పారని ఆ ఇంజెక్షన్లు మొదలుపెట్టొద్దు, బయటి నుంచి ఎక్కిస్తే వీర్యకణాల తయారీ పడిపోతుంది, పిల్లలు కావాలనుకునేవాళ్లకు అది మరీ నష్టం.

ఆఖరుగా, మెడికల్ షాపులో అడిగి సిల్డెనాఫిల్, అంటే వయాగ్రాలో ఉండే మందు, కొనుక్కునేవాళ్లకు. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులతో అది కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర వేసుకున్న రోజు ఛాతీలో నొప్పొచ్చి ఆసుపత్రికి వెళ్తే, అక్కడ మొదట చెప్పాల్సింది ఆ మాత్ర సంగతే, పక్కన భార్య ఉన్నా, బావమరిది ఉన్నా సరే.